వార్డులో గాలి లెక్క కూడా అడగండి: ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య అధికారులకు, బోధనాసుపత్రుల, ఏరియా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు,

నమస్కారం. మళ్లీ ఒక మహమ్మారి వస్తే మన ఆసుపత్రులు ఎంత సిద్ధంగా ఉన్నాయో చూసేటప్పుడు మంచాలు లెక్కపెడతాం, ఆక్సిజన్ చూస్తాం, పీపీఈ కిట్ల నిల్వ అడుగుతాం. ఆ లెక్కల పక్కన ఇంకొక్క గడి చేర్చమని అడగడానికే ఈ లేఖ: ప్రతి వార్డులో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతోంది? ఊపిరితో పాకే వైరస్ వచ్చినప్పుడు నర్సులు, ఆయాలు, సఫాయి కార్మికులు, ల్యాబ్ టెక్నీషియన్లు, డాక్టర్లు బతికి బయటపడటం చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

2002-03లో కొవిడ్‌లాగే ఊపిరితిత్తులను దెబ్బతీసే సార్స్ జబ్బు వచ్చినప్పుడు ప్రపంచం మొత్తం మీద నమోదైన 8,096 కేసుల్లో 1,706 మంది ఆరోగ్య సిబ్బందే. అంటే అయిదుగురిలో ఒకరు. కొవిడ్‌లో 2020 జనవరి నుంచి 2021 మే వరకు 80 వేల నుంచి 1.8 లక్షల మంది ఆరోగ్య సిబ్బంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా కట్టింది. స్కాట్లాండ్‌లో జరిగిన పరిశీలనలో, రోగుల దగ్గర పనిచేసే సిబ్బంది కొవిడ్‌తో ఆసుపత్రి పాలయ్యే ముప్పు మిగతావారి కంటే మూడింతలు ఉంది. వాళ్ల ఇంట్లోవాళ్లకు రెండింతలు. డ్యూటీ దిగి రెండు గదుల ఇంటికి వెళ్లే మన స్టాఫ్ నర్సు, ఆమె అత్తమామలు, పిల్లలు ఈ రెండో లెక్కలోకి వస్తారు.

కొవిడ్ మొదటి రోజుల్లో అందరం ఒక పొరపాటు చేశాం. వైరస్ పెద్ద తుంపర్లలో ఉంటుంది, మూడు అడుగుల్లో నేల మీద పడిపోతుంది, కాబట్టి నేల కడగాలి, చేతులు కడగాలి, రోగి శ్వాసనాళంలోకి గొట్టం వేసేటప్పుడు మాత్రమే సన్నని కణాలను వడకట్టే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి అనుకున్నాం. నిజానికి మాట్లాడినా దగ్గినా వెలువడే సన్నని కణాలు మూసిన గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. బ్రిటన్‌లో ఆపరేషన్ థియేటర్లలో కొలిచి చూస్తే, మత్తు ఇచ్చి గొట్టం వేసేటప్పుడు వచ్చే కణాల కంటే మామూలు దగ్గుతో వచ్చేవే ఎక్కువని తేలింది. అలాగని గొట్టం వేసే డాక్టరుకు భయం లేదని కాదు. దగ్గుతున్న మనిషి పక్కన అరగంట నిలబడి దుప్పటి మార్చే ఆయాకు, మూత్రం సంచి ఖాళీ చేసే పేషెంట్ కేర్ వర్కర్‌కు, ఓపీ చీటీ రాసే అమ్మాయికి ప్రమాదం తక్కువ అని లెక్కవేసిందే తప్పు. ఊపిరితో వచ్చే కణాలు చిన్నవైనా పెద్దవైనా గాలి ద్వారానే సోకుతాయన్న పదజాలాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. మన వార్డుల ఏర్పాటు మాత్రం ఇంకా పాత లెక్క మీదే ఉంది.

ఇక గాలి లెక్కకు వద్దాం. 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తున్న వార్డు తీసుకోండి. అందులో 189 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. పది మంచాలు వేశామనుకుందాం. మామూలు వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల బయటి గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పది మందికి సెకనుకు 600 లీటర్లు, అంటే గంటకు 2,160 ఘనపు మీటర్లు. గది గాలి గంటకు పదకొండుసార్లకు పైగా మారాలన్నమాట. ఆక్సిజన్ ఎక్కువ వేగంతో పెట్టే, గొట్టాలు వేసే గదుల్లోనైతే ఒక్కో రోగికి సెకనుకు 160 లీటర్లు కావాలి. జ్వరాల కాలంలో అదే పది మంచాల వార్డులో ఇంకో నాలుగు మంచాలు ఇరికిస్తే కావలసిన గాలి గంటకు 3,024 ఘనపు మీటర్లకు పెరుగుతుంది. కిటికీలు మాత్రం అవే. మంచం వేసే ముందు గాలి లెక్క చూడాలని అడగడం ఇందుకే.

ఎదురెదురు గోడలకు కిటికీలుంటే ఖర్చు లేకుండానే చాలా పని అవుతుంది. లెక్క తేలిక: గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, తెరిచిన కంతల్లో చిన్నదాని వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకుని, ఈ రెండింటినీ గుణించి, వచ్చినదాన్ని 650తో గుణిస్తే సెకనుకు ఎన్ని లీటర్ల గాలి వస్తోందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రెండు వైపులా ఒక్కో చదరపు మీటరు తెరిచి ఉండి, సెకనుకు ఒక మీటరు గాలి వీస్తుంటే 650 లీటర్లు. పై వార్డులో పది మందికి సరిగ్గా సరిపోతుంది. అయితే ఇక్కడే నాలుగు చోట్ల దెబ్బ తింటాం. జరిపే అద్దాల కిటికీ సగమే తెరుచుకుంటుంది, కాబట్టి కొలత సగం చేసుకోవాలి. దోమతెర దుమ్ముతో మూసుకుపోతే గాలి ఇంకా తగ్గుతుంది, నెలకోసారి బ్రష్‌తో రుద్ది కడగాలి. రాత్రి దోమలకని, చలికాలం చలికని, మే నెలలో వడగాడ్పుకని కిటికీలు బిగిస్తారు. చివరగా, ఒకవైపు మాత్రమే కిటికీలున్న గదికి ఈ లెక్క వర్తించదు. అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎక్కడ పెట్టారన్నది ఎంత పెద్దది అన్నదాని కంటే ముఖ్యం. వార్డు తలుపు మీద పెట్టి వరండాలోకి ఊదేలా బిగిస్తే, రోగుల గాలంతా వరండాలో కూర్చున్న సహాయకుల మీదికి, నర్సింగ్ స్టేషన్ మీదికి పోతుంది. తెరిచిన కిటికీ పక్కనే పెడితే ఆ కిటికీలోంచి వచ్చిన గాలి అక్కడికక్కడే బయటికి పోతుంది, గది అవతలి మూల గాలి కదలదు. తాజా గాలి నర్సు కూర్చునే వైపు నుంచి లోపలికి రావాలి, రోగుల మీదుగా సాగి, రోగుల తలల వైపు గోడ నుంచి మనుషులు నడవని దిక్కుకు బయటికి పోవాలి. దీన్ని పరీక్షించడానికి ఇంజినీరు రానక్కర్లేదు. అగరొత్తి వెలిగించి తలుపు కింద, కిటికీ దగ్గర, ప్రతి మంచం దగ్గర అర నిమిషం పట్టుకోండి. పొగ ఎటు పోతోందో, ఎక్కడ కదలకుండా నిలబడుతోందో కంటికే కనిపిస్తుంది. ఆక్సిజన్ నడుస్తున్న మంచాల దగ్గర మాత్రం అగరొత్తి వెలిగించవద్దు. అక్కడ సన్నని టిష్యూ కాగితం ముక్క వేలాడదీసి చూడండి. ఫ్యాన్ కొనేటప్పుడు పెట్టె మీద రాసిన గాలి పరిమాణాన్ని పూర్తిగా నమ్మకండి. జాలీలు, గొట్టం, దుమ్ము కలిస్తే అందులో చాలా భాగం తగ్గుతుంది కనుక లెక్కకు మించిన ఫ్యాన్ తీసుకోవాలి.

సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే కలుపుతుంది, బయటికి పంపదు. స్ప్లిట్ ఏసీ కూడా అంతే, అదే గాలిని చల్లబరిచి మళ్లీ మనకే ఊదుతుంది. ఎండలకు నల్గొండలోనూ పాలమూరులోనూ కూలర్లు తప్పవు కాబట్టి వాటిని సరిగా వాడుకోవడం తెలిసి ఉండాలి. కూలరును వార్డు మధ్యలో పెడితే తేమ పెరుగుతుందే తప్ప తాజా గాలి రాదు. కిటికీ బయట బిగించి బయటి గాలిని లాగేలా పెడితే అది చాలా మంచి సాధనం, చల్లదనమూ కొత్త గాలీ రెండూ వస్తాయి. అయితే కూలరు తోసేదానికంటే ఎదురు గోడ ఎగ్జాస్ట్ లాగేది ఎక్కువ ఉండాలి, లేకపోతే వార్డు గాలి తలుపుల సందుల్లోంచి వరండాలోకి తన్నుకొస్తుంది. కూలరు నీళ్లు వారానికోసారి పూర్తిగా తీసి, అడుగు రుద్ది ఆరబెట్టకపోతే డెంగీ దోమలు పెరుగుతాయి.

ఐసీయూ గదిలోంచి రోగిని తీసుకెళ్లాక, మాస్కు లేకుండా ఎవరైనా ఆ గదిలోకి ఎప్పుడు వెళ్లొచ్చు అని అడుగుతుంటారు. గంటకు 12 సార్లు గాలి మారే గదిలో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. 6 సార్లయితే 46 నిమిషాలు. గంటకు 2 సార్లే మారే మూసిన గదిలోనైతే 138 నిమిషాలు. అదీ ఆ గదిలో కొత్తగా దగ్గేవాళ్లు ఎవరూ లేకపోతేనే.

కొలవడానికి ప్రతి ఆసుపత్రికీ కనీసం రెండు కార్బన్ డయాక్సైడ్ మీటర్లు ఇప్పించండి. బయట గాలిలో ఇది 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420 భాగాలు) దగ్గర ఉంటుంది. వార్డు నిండా మనుషులుండగా 800 దాటి నిలబడితే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నారని అర్థం. ఎన్‌డీఐఆర్ సెన్సార్, అంటే పరారుణ కాంతితో కొలిచేది ఉన్నదే కొనాలి. చవక రకాలు శానిటైజర్ స్పిరిట్ వాసనకే అంకె పెంచేస్తాయి, వార్డులో పనికిరావు. కొలత పొద్దున రౌండ్స్ సమయంలో ఒకసారి, రాత్రి రెండింటికి కిటికీలు మూశాక ఒకసారి తీయండి. రెండో అంకే అసలు పరిస్థితి చెబుతుంది.

గాలి సరిచేశాకనే మాస్కు తన పని పూర్తిగా చేయగలుగుతుంది. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌లోని ఒక బోధనాసుపత్రిలో 2020 డిసెంబరులో కొవిడ్ వార్డు సిబ్బందికి సర్జికల్ మాస్కులు మాన్పించి, ఎన్95 తరహాలోనే ఇంకా ఎక్కువ వడకట్టే ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కులు ఇచ్చారు. అంతకుముందు వాళ్లకు వార్డులోనే సోకే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ ఉండేది. మార్చిన కొద్ది వారాల్లో మిగతా వార్డులవాళ్ల స్థాయికి దిగింది. మన మార్కెట్లో ఎన్95గా దొరికేవాటిలో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 9473 కింద ఎఫ్‌ఎఫ్‌పీ2 ముద్ర ఉన్నవే తీసుకోండి. కవాటం ఉన్నవి వద్దు, అవి పెట్టుకున్నవారి ఊపిరిని వడకట్టకుండా బయటికి వదులుతాయి. చెవులకు తగిలించేవాటి కంటే తల వెనక రెండు పట్టీలున్నవి ముఖానికి బాగా అతుకుతాయి. టెండరులో ఈ మూడు ముక్కలు రాస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

అందరికీ ఒకే సైజు, ఒకే మోడల్ కొనడం రెండో పెద్ద పొరపాటు. సన్నని ముఖమున్న ఏఎన్‌ఎంకు, గుండ్రని ముఖమున్న వార్డు బాయ్‌కి ఒకటే మాస్కు అతకదు. అతకని ఎన్95 మామూలు మాస్కుతో సమానం. దీన్ని శాకరిన్ అనే తీపి రసాయనంతో చేసే పరీక్షతో తేల్చవచ్చు. పరీక్షకు పావుగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, నీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. ముందు మాస్కు లేకుండా తలకు హుడ్ (తలంతా కప్పే తొడుగు) తొడిగి పల్చని ద్రావణం చిలకరించి, ఆ మనిషికి తీపి తెలుస్తోందో లేదో చూడాలి. నోరు కడుక్కున్నాక మాస్కు పెట్టించి, హుడ్‌లోకి చిక్కటి ద్రావణం చిలకరిస్తూ మామూలుగా ఊపిరి పీల్చడం, గట్టిగా పీల్చడం, తల పక్కలకు తిప్పడం, పైకీ కిందికీ ఊపడం, గట్టిగా చదవడం, నడుం వంచడం, మళ్లీ మామూలు ఊపిరి, ఒక్కొక్కటీ నిమిషం చొప్పున చేయించాలి. నాలుకకు తీపి తగిలితే ఆ మాస్కు ఆ ముఖానికి కాదు. జిల్లాకు ఒక కిట్ ఉంటే ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిప్పుకోవచ్చు. గడ్డం ఉంటే ఏ మాస్కూ అతకదు. ఇది మతం, అలవాటుతో ముడిపడిన విషయం కనుక కసురుకోకుండా, గడ్డం తీయలేనివారికి వడకట్టిన గాలిని తల తొడుగులోకి ఊదే పరికరం ఇవ్వడమో, ఆ డ్యూటీ మార్చడమో చేయాలి.

మాస్కు లోపలి పొరలో విద్యుదావేశం నింపి ఉంటుంది, సన్నని కణాలను పట్టేది చాలావరకు అదే. సబ్బుతో ఉతికినా, స్పిరిట్ చల్లినా ఆ ఆవేశం పోతుంది. చూడటానికి మాస్కు కొత్తగానే ఉంటుంది, పట్టడం మానేస్తుంది. నిల్వ నిజంగా అడుగంటితే ఒక్కొక్కరికి అయిదు మాస్కులిచ్చి, రోజుకొకటి చొప్పున కాగితపు సంచిలో ఆరబెట్టి ఆరో రోజు మొదటిదానికి రావచ్చు. అమెరికా, బ్రిటన్‌లలో జరిగిన పెద్ద పరిశీలనలో, రక్షణ సామగ్రిని తిరిగి వాడిన సిబ్బందికి సోకే ముప్పు ఎక్కువని తేలింది. కాబట్టి దీన్ని కరువు కాలపు ఏర్పాటుగానే చూడాలి. చెమటతో తడిసిందీ, పట్టీ సాగిందీ ఆ రోజే పారేయాలి.

తల నుంచి కాలి దాకా కప్పే తెల్ల సూట్ల మీద మా మాట మీకు వింతగా తోచవచ్చు. కొవిడ్ రోగుల సంరక్షణకు సూటు గానీ, జంట గ్లవుజులు గానీ అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది. పొడవు చేతుల గౌను, ఒక జత గ్లవుజులు, కళ్లకు రక్షణ, అతికే మాస్కు చాలు. మే నెలలో 44 డిగ్రీల ఎండకు ప్లాస్టిక్ సూటులో ఆరు గంటలుంటే నీళ్లు తాగలేక కళ్లు తిరుగుతాయి, చెమటకు మాస్కు జారుతుంది, విప్పేటప్పుడు తొందర పుడుతుంది. చేతుల ద్వారా సోకే ప్రమాదం ఎక్కువగా ఆ విప్పే రెండు నిమిషాల్లోనే ఉంటుంది. ముందు గ్లవుజులు, తర్వాత గౌను లోపలి వైపు బయటికి తిప్పుతూ, చేతులు రుద్దుకోవడం, కళ్లద్దాలు వెనక పట్టీ పట్టుకుని, గది బయటికి వచ్చి తలుపు మూశాక చివరగా మాస్కు పట్టీలు మాత్రమే ముట్టుకుని, మళ్లీ చేతులు. ఈ వరుస అద్దం పక్కన తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. పక్కన ఒకరు నిలబడి చూస్తూ చెప్పాలి. వాడిన మాస్కు, టోపీ, గుడ్డ గౌను పసుపు సంచిలోకి, గ్లవుజులు, కళ్లద్దాలు, ప్లాస్టిక్ సూటు ఎర్ర సంచిలోకి.

మాస్కు తీసేది ఎక్కడ? టీ తాగేచోట, అన్నం తినేచోట. కిటికీ లేని డ్యూటీ రూములో అయిదుగురు కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పితే వార్డులో పడ్డ కష్టమంతా అక్కడ పోతుంది. జ్వరం రాకముందే ఒకటి రెండు రోజుల నుంచి మనిషి వైరస్ వదులుతాడు కనుక తోటి నర్సు బాగానే ఉందిగా అన్న ధీమా పనికిరాదు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు కిందో, డాబా మీదో రేకుల షెడ్డు వేసి, రెండు ఫ్యాన్లు, మంచినీళ్లు, చేతులు కడిగే కుళాయి పెట్టించండి. ఇంత తక్కువ ఖర్చుకు ఇంత ప్రయోజనం ఇచ్చేది ఇంకొకటి మాకు తోచడం లేదు.

నల్గొండ నుంచీ మహబూబ్‌నగర్ నుంచీ హైదరాబాద్ వంద కిలోమీటర్లు. అచ్చంపేట వైపు నుంచి ఇంకా ఎక్కువ. రెఫర్ చేసిన రోగితో మూసిన అంబులెన్స్‌లో రెండు గంటల ప్రయాణం, ఏ వార్డు కంటే కూడా దగ్గరి సహవాసం. డ్రైవరుకూ వెనక భాగానికీ మధ్య అద్దం పూర్తిగా మూసి, డ్రైవరు వైపు బయటి గాలి తీసుకునే మీట తెరిచి ఫ్యాన్ పెంచి, వెనక పైకప్పు ఎగ్జాస్ట్ నడపాలి. ఎగ్జాస్ట్ లేకపోతే వెనక కిటికీలు రెండు వైపులా తెరవాలి. ఏసీని లోపలి గాలినే తిప్పే పద్ధతిలో పెట్టకూడదు. డ్రైవరుకు, వెనక ఉన్న సిబ్బందికి, సహాయకులకు ఎన్95 ఉండాలి, రోగి తట్టుకోగలిగితే అతనికి సర్జికల్ మాస్కు.

ఆశా కార్యకర్తలకు ఇల్లిల్లూ తిరిగే పని. వాళ్లు లోపలి గదిలోకి పోకుండా వాకిట్లోనో, అరుగు మీదో, వేపచెట్టు కిందో మాట్లాడాలని రాతపూర్వకంగా చెప్పండి. అమ్రాబాద్ అడవిలోని చెంచు గిరిజనుల పెంటల్లోకి (గూడేల్లోకి) జ్వరంతో ఉన్నవారెవరూ వెళ్లకూడదు. అక్కడికి రోగాన్ని మోసుకెళ్లేది మనమే కాకూడదు.

నేల, బల్లల సంగతి కొద్దిగా. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అర కిలో 15 లీటర్ల నీళ్లలో కలిపితే ఒక శాతం ద్రావణం వస్తుంది. ముందు సబ్బు నీళ్లతో తుడిచి, తర్వాత ఇది పూసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి, ఎండలో పెట్టకూడదు. మరుగుదొడ్డి యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది, సఫాయి కార్మికులకు ఈ మాట తప్పకుండా చెప్పాలి. మనుషుల మీద చల్లడం ఎప్పుడూ వద్దు. 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్య శాఖ వద్దని చెప్పింది.

ఇంకొకటి, అన్నిటికంటే కష్టమైనది. అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న సఫాయి, పేషెంట్ కేర్, సెక్యూరిటీ సిబ్బందికి రాకపోతే ఆ రోజు కూలి కట్ అవుతుంది. ఆశాలకు పని చేస్తేనే పారితోషికం. అందుకే ఒళ్లు కాలుతున్నా పారాసెటమాల్ వేసుకుని డ్యూటీకి వస్తారు. వాళ్ల తప్పేమీ లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి. ఏజెన్సీల ఒప్పందంలో, జ్వరం, దగ్గు ఉన్నవారికి పరీక్ష, ఫలితం వచ్చేదాకా, పాజిటివ్ అయితే కోలుకునేదాకా జీతంతో సెలవు అన్న షరతు చేర్చండి. మహమ్మారి వచ్చాక ఒప్పందాలు మార్చడం కుదరదు. ప్రతి ఆసుపత్రిలో సిబ్బంది జబ్బుల రిజిస్టరు ఒకటి తెరిచి, తేదీ, వార్డు, పని, ఏ మాస్కు, ఎవరితో కలిసి తిన్నారు అన్నవి రాయించండి. వారంలో ఒకే వార్డు నుంచి రెండు పేర్లు కనబడితే మర్నాడే మీటరు పట్టుకుని ఆ వార్డుకు, ఆ డ్యూటీ రూముకు వెళ్లాలి. ఎవరిని తప్పుపట్టడానికో కాదని ముందే చెబితేనే నిజాలు రాస్తారు.

ఈ పనికి మహమ్మారి దాకా ఆగక్కర్లేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, అదీ ఇదే గాలిలో పాకుతుంది. ఫ్లూ ఏటా రెండుసార్లు, వానలు ముదిరాక ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్య ఒకసారి వస్తుంది. ఉమ్మడి జిల్లాల్లో ప్రతి జిల్లాకూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వాటి ఆసుపత్రులకు కొత్త భవనాల నక్షాలు గీసేటప్పుడే ఎదురెదురు కిటికీలు అడగండి. కట్టాక గోడ పగలగొట్టడం కంటే కాగితం మీద గీత మార్చడం తేలిక.

మొదటగా ప్రతి ఆసుపత్రిలో ఛాతీ వార్డు, ఐసీయూ, ఓపీ హాలు, ఒక డ్యూటీ రూము, ఈ నాలుగు గదుల పొడవు, వెడల్పు, ఎత్తు, మంచాలు, తెరుచుకునే కిటికీల కొలత, ఫ్యాన్లు ఏ గోడకు ఉన్నాయి, రాత్రి రెండు గంటల మీటరు అంకె తెప్పించండి. మీటర్లు వచ్చేదాకా టేపుతో, అగరొత్తితో మొదలుపెట్టవచ్చు. ఆ కాగితాలు మా చేతికిస్తే ఏ గదికి ఎంత గాలి తక్కువో, ఏ గోడకు ఫ్యాన్ పెట్టాలో లెక్కగట్టి మీ ఇంజినీర్లతో కూర్చుంటాం.

ఇట్లు,
ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ నివారణ పని చూసే నర్సులు, డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు